గడియ అడిగితే డబ్బా వచ్చింది

నూకరత్నానికి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. తను కంపెనీలో మిషను ముందు తలవంచుకుని కాలర్లు కుడుతూ ఉండగా, రెండేళ్ళ కొడుకు మోక్షిత్ పిల్లల కేంద్రం గేటు తోసుకుని లారీల రోడ్డు మీదకి వెళ్ళిపోతాడేమోనని. పాముల భయం లేదు, దెయ్యాల భయం లేదు, అత్తంటే భయం పెళ్ళయిన మొదటి ఏడాదే తీరిపోయింది. ఈ భయం మాత్రం పొద్దున్నే టిఫిను డబ్బాతో పాటు కంపెనీకి వచ్చేది, సాయంత్రం డబ్బా ఖాళీ అయినా ఇది నిండుగానే తిరిగొచ్చేది.

ఆమె మొగుడు లారీ డ్రైవరే. “కేబిన్లో కూకుంటే టైరుకాడ నిలబడ్డ బుడ్డోళ్ళు అవుపడరే,” అని ఒకసారి అన్నం తింటూ మామూలుగా అనేశాడు. అతను ఆ ముద్ద మింగి మర్చిపోయాడు. రత్నానికి ఆ మాట ఇప్పటికీ గొంతు దిగలేదు.

చిట్టిగువ్వ సేవా సంఘం వారి పిల్లల కేంద్రం ఒకప్పుడు బెల్లం గిడ్డంగి. గోడలు గట్టివి. కప్పు గట్టిది. పిల్లల్ని చూసుకునే ఆయమ్మ సన్యాసమ్మ ఆ రెండిటికన్నా గట్టిది. గేటుకి మాత్రం గడియ లేదు. వేసవిలో నీళ్ళ టాంకరు వెనక్కి వస్తూ గుద్దేస్తే విరిగి పడిపోయింది. అప్పటి నుంచీ సన్యాసమ్మ తన పాత చీర చింపి గేటుకి ముడి వేస్తోంది. రెండేళ్ళ పిల్లలకి ముడి విప్పడం రాదని పెద్దవాళ్ళ నమ్మకం. మోక్షిత్‌కి అలాంటి నమ్మకాలేమీ లేవు. ఒక మధ్యాహ్నం వాడు ముడి విప్పుకుని, రోడ్డు పక్క మైలురాయి మీద కూర్చుని, వచ్చే లారీకీ పోయే లారీకీ టాటా చెబుతూ దొరికాడు.

ఆ సాయంత్రమే రత్నం సంఘం కార్యదర్శి జగ్గారావు గారి దగ్గరికి వెళ్ళింది. ఆమె చదువు ఎనిమిదో తరగతి సగంలో ఆగిపోయింది. అందుకని చదువుకున్నవాళ్ళకి చెబితే పని అయిపోతుందని ఆమెకి ఇంకా గట్టి నమ్మకం ఉండేది.

“గేటుకి గడియ ఏయించండి సార్.”

జగ్గారావు గారు సహకార బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరైన మనిషి. మంచివారు. పిల్లలంటే ప్రాణం. కాకపోతే ఏ మాటనైనా ఒకసారి లేచి నిలబెట్టి, శాలువా కప్పి గాని బయటికి వదలరు.

“చూడమ్మా,” అన్నారాయన కళ్ళజోడు తుడుచుకుంటూ. “గడియ అనేది చిన్న విషయమని నేననను. కానీ అది ఒక అవసరం. అవసరాలను విడివిడిగా తీర్చే దశను మన సంఘం దాటేసింది. ఇప్పుడు మనం సాంకేతిక పరివర్తన అనే దశలో ఉన్నాం. ఇకపై ఏ అవసరమైనా కన్సల్టెంటు గారి ద్వారానే రావాలి.”

“ఆయనెవురండి?”

“ఇంకా ఎంపిక కాలేదు.”

అసలు సంగతేమిటంటే, విరాళాలిచ్చే పట్నం పెద్దలు ఆ మధ్య వచ్చి, టెక్నాలజీ లేని సేవ ఉప్పు లేని కూరని చెప్పి వెళ్ళారు. ఉప్పు ఎంత వెయ్యాలో చెప్పలేదు. అది చెప్పడానికే కన్సల్టెంటు కావాలి. ముగ్గురు వచ్చారు. ముగ్గురూ గోడ మీద బొమ్మలు వేసి చూపించారు, ముగ్గురి బొమ్మల్లోనూ బాణాలు పైకే వెళ్ళాయి. ఎవర్ని తీసుకోవాలో కమిటీకి తేలలేదు. అప్పుడు జగ్గారావు గారికి ఒక ఆలోచన వచ్చింది: కన్సల్టెంటుని ఎంపిక చెయ్యడం కూడా ఒక నైపుణ్యమే కదా, దానికీ ఒక కన్సల్టెంటుని పెట్టుకుంటే?

అలా వచ్చినవాడు విహారి. ముప్పయ్యేళ్ళ కుర్రాడు, చక్కగా నవ్వుతాడు, లోపలికి వచ్చేటప్పుడు బూట్లు విప్పమంటే విప్పుతాడు. ఆ ముగ్గుర్నీ జాగ్రత్తగా పరిశీలించి, చివరికి ఎంతో బాధగా చెప్పాడు. “సార్, వీళ్ళని స్టడీ చేసే ప్రాసెస్‌లో మీ సంస్థని వీళ్ళకన్నా బాగా అర్థం చేసుకున్నవాడు ఒకడు తేలాడు. పర్సనల్‌గా నాకు ఇబ్బందిగా ఉంది. కానీ ప్రొఫెషనల్‌గా నా పేరు చెప్పక తప్పట్లేదు.”

ఆ నిజాయితీకి కమిటీ మొత్తం చలించిపోయింది.

ఆదివారం నాడు తల్లులందర్నీ పిలిచారు. దాన్ని అవసరాల సేకరణ అంటారట. చాపలు పరిచారు, టీలు ఇచ్చారు. విహారి రంగురంగుల చీటీలు పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు.

“భయపడకుండా చెప్పండి. ఇది సేఫ్ స్పేస్.”

తల్లులు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, తర్వాత గేటు వైపు చూశారు. గేటు గాలికి కిర్రుమంది. సన్యాసమ్మే లేచింది.

“గడియ కావాల బాబూ.”

విహారి కళ్ళు మెరిశాయి. “గడియ! అంటే టైమ్.”

“టైమ్ కాదండి, గేటు గడియ,” అంది రత్నం.

“గేట్ టైమ్. ఇంకా స్పెసిఫిక్. వెరీ గుడ్.”

“అది ఇరిగిపోయింది బాబూ,” అంది సన్యాసమ్మ. “ఎప్పుడో ఎండల్లో ఇరిగింది. అప్పట్నుంచి గుడ్డపీలికల్తోటే నెట్టుకొస్తన్నాను.”

విహారి ఒక పచ్చ చీటీ మీద ‘విరిగిన కాలం’ అని పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించాడు. కాసేపు దాని వంకే చూశాడు. “సార్, చూశారా? వర్కింగ్ మదర్స్ బాధని నేను ఇంత పొయెటిక్‌గా ఎక్కడా వినలేదు.”

పాపం, అతని తప్పేం లేదు. వాళ్ళింట్లో తలుపులకి ఉండేది గొళ్ళెం. గడియ అనే మాట అతను పెళ్ళి శుభలేఖల్లోనే చూశాడు.

జగ్గారావు గారికి మాత్రం గడియ అంటే ఏమిటో తెలుసు. ఆయనది ఈ ఊరే. రత్నం ఆయన వంక ఆశగా చూసింది. ఆయన దగ్గారు, పైకప్పు చూశారు, టీ తాగారు. మీటింగయ్యాక మాత్రం ఆమెని పక్కకి పిలిచారు.

“నాకు తెలుసమ్మా. కానీ ఆయన రాసేశారు. కన్సల్టెంటు రాసింది మార్చాలంటే మార్పు విన్నపం పెట్టాలి. మార్పు విన్నపం మీద మళ్ళీ సమావేశం, దానికి మళ్ళీ ఆయనే రావాలి. ఎందుకొచ్చిన గొడవ? ప్రస్తుతానికి కాలం గడియతోనే ముందుకెళ్దాం. అందులో మన గేటు గడియ కూడా ఎక్కడో అక్కడ కలిసొస్తుంది.”

“కలిసొచ్చేలోగా పిల్లడు రోడ్డెక్కితేనో సార్?”

“అశుభం పలక్కమ్మా,” అన్నారాయన. ఆ మాట నిజంగానే నొచ్చుకుని అన్నారు.

విరిగిన కాలాన్ని అతికించడానికి, పిల్లలు ఎప్పుడొచ్చారో ఎప్పుడెళ్ళారో రాసుకునే డబ్బా ఒకటి కావాలని విహారి తేల్చాడు. తర్వాత దాన్ని అమ్మేవాళ్ళ ఎంపిక జరిగింది. మూడు కంపెనీలు పోటీకొచ్చాయి. మొదటివాళ్ళది మరీ సులువుగా ఉంది, అందరికీ అర్థమైంది. అంత అర్థమయ్యే దాంట్లో టెక్నాలజీ ఏముంటుందని పక్కన పెట్టారు. రెండోవాళ్ళ మనిషి గేటు దగ్గరే ఆగి, అటూ ఇటూ ఊపి చూసి, “మీకు మా సరుకు అక్కర్లేదండి, గేటుకో గొళ్ళెం పెట్టించుకోండి చాలు,” అన్నాడు. అవసరాన్ని అర్థం చేసుకోలేదని అతనికి సున్నా వేశారు. మూడోది కిలకిల సొల్యూషన్స్. వాళ్ళ పుస్తకం మీద నవ్వే పిల్లల బొమ్మలున్నాయి. గెలిచింది.

కిలకిల వారి తరఫున హిమజ అనే అమ్మాయి డబ్బా పట్టుకుని వచ్చింది. గేటు పక్క గోడకి బిగించింది. అరచేతిలో పట్టేంత ఉంది, ముందు వైపు చిల్లులు, పైన ఒక పచ్చ దీపం. మాటలు వింటుందట, గొంతుని బట్టి ఎవరి తల్లో గుర్తుపడుతుందట. చంకలో పిల్ల, చేతిలో సంచి, భుజాన బ్యాగు ఉన్న తల్లికి వేలు పెట్టి నొక్కే తీరిక ఉండదు కాబట్టి నోటితో చెబితే చాలు. తల్లులు దానికి సెవుల డబ్బా అని పేరు పెట్టారు. జగ్గారావు గారు కొబ్బరికాయ కొట్టి, డబ్బాకి పసుపు రాసి, బొట్టు పెట్టారు. ఒక చిల్లు ఆ పసుపుకే పూడిపోయింది.

“మరి గేటు?” అంది రత్నం.

“అదే కదమ్మా, ఇక గేటు గురించి బెంగే లేదు,” అన్నాడు విహారి. “ఎవరు వచ్చినా, ఎవరు వెళ్ళినా డబ్బాకి తెలుస్తుంది.”

“తెలిస్తే ఆపుతాదేటండి?”

“ఆపదు. రికార్డు చేస్తుంది.”

పొద్దున్న బ్రహ్మాండంగా పనిచేసింది. ఒక్కొక్క తల్లీ వచ్చి “వచ్చాం” అనడం, డబ్బా ఆ పిల్లాడి పేరు పెట్టి “స్వాగతం” అనడం. పిల్లలు చప్పట్లు కొట్టారు. జగ్గారావు గారు కళ్ళు తుడుచుకున్నారు.

చిక్కు సాయంత్రం వచ్చింది. రత్నం కొడుకుని ఎత్తుకుని, గేటు దగ్గర ఎప్పట్లాగే వెనక్కి తిరిగి, “ఎల్లొస్తాం అప్పా,” అంది అక్కలాంటి సన్యాసమ్మతో.

డబ్బా ఒక్క క్షణం ఆలోచించింది. “మోక్షిత్ వెళ్ళెను,” అంది. వెంటనే, “మోక్షిత్ వచ్చెను. స్వాగతం.”

రత్నం తర్వాత ఇంకొక తల్లి. ఎల్లొస్తాం. వెళ్ళెను, వచ్చెను, స్వాగతం. ఆ తర్వాత ఇంకొక తల్లి. గంట గడిచేసరికి కేంద్రంలో ఒక్క పిల్లాడు లేడు. డబ్బా లెక్కలో ఒక్క పిల్లాడూ ఇంటికి వెళ్ళలేదు.

హిమజ మర్నాడు అందర్నీ గేటు దగ్గర నిలబెట్టి ఓపికగా వివరించింది. “మీరు ఒకే మాటలో రెండు పనులు చెప్తున్నారండి. వెళ్ళడం ఒకటి, రావడం ఒకటి. డబ్బా కరెక్టే. మీరు ఒక్కటే చెప్పండి. ‘పోతున్నాం’ అనండి, చాలు.”

ఒకావిడ పిల్లాడి చెవులు మూసింది.

“నోరు కడుక్కో తల్లీ,” అంది సన్యాసమ్మ. “గుమ్మంలో నిలబడి, పిల్లని సంకనెట్టుకుని, పోతన్నామంటారేటి ఎవులైనా? నువ్వు ఆపీసుకి బయల్దేరినప్పుడు మీ అమ్మకేటి సెప్తావు?”

“బై అని చెప్తానండి.”

“ఆ బై అన్నది ఎళ్ళడమా, రావడమా?”

హిమజ తన చేతిలోని ట్యాబ్ పలక మీద అటూ ఇటూ వెతికింది. “అది సిస్టమ్‌లో లేదండి,” అంది చిన్న గొంతుతో.

తల్లులు ‘పోతున్నాం’ అనలేదు. అనరని తేలాక, ఆ మాట తల్లుల బదులు తనే పలక మీద నొక్కి చెప్పేలా హిమజ ఏర్పాటు చేసింది. నొక్కగానే తల్లి ఫోనుకి కబురు కూడా వెళుతుంది. ఇది కిలకిల వారు ఉచితంగా ఇచ్చిన సౌకర్యం.

ఆ రోజు రత్నానికి కంపెనీలో ఓవర్‌టైము. మోక్షిత్‌ని తీసుకెళ్ళడానికి అత్త పోలమ్మ వచ్చింది. కంపెనీలో ఫోన్లన్నీ సూపర్‌వైజరు బల్ల మీది ట్రేలో ఉంటాయి. రత్నం ఫోను వెలిగింది. సూపర్‌వైజరు అలవాటుగా చూశాడు, మళ్ళీ చూశాడు. ట్రేలోంచి తీసి, వరసల మధ్యలోంచి నడుచుకుంటూ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

“రత్నం. మిషనాపు.”

ఆయన నోట ఆ మాట ఆ హాలులో ఎవరూ ఎప్పుడూ వినలేదు. చుట్టుపక్కల మిషన్లు వాటంతట అవే ఆగాయి. ఆయన ఫోను ఆమె చేతిలో పెట్టాడు.

‘మీ బిడ్డ మోక్షిత్ పోయాడు. మా సేవలు వినియోగించుకున్నందుకు ధన్యవాదాలు.’

ఆమె ఎలా వెళ్ళిందో ఆమెకి తెలీదు. ఒక చెప్పు కంపెనీ గేటు దగ్గర దొరికిందని తర్వాత ఎవరో తెచ్చిచ్చారు. రోడ్డు మీద ఆగి ఉన్న ప్రతి లారీ కిందా వంగి చూసుకుంటూ పరిగెత్తింది.

కేంద్రం గేటు దగ్గర పోలమ్మ నిలబడి డబ్బాతో తగువాడుతోంది. “ఎల్లొస్తాననే అంటాను. నా మనవణ్ణి తీసుకుని నేనెల్లాలంటే నీ పెర్మిషనేటే, గోడకంటుకున్నదానా?” మోక్షిత్ ఆమె చంకలో కూర్చుని ఉడికించిన గుడ్డు తింటున్నాడు. పచ్చసొన చెంప దాకా పూసుకున్నాడు.

రత్నం వాణ్ణి లాక్కుని తల వాసన చూసింది. పొట్ట తడిమి చూసింది.

“ఏటే, ఎవులు తరిమినారు నిన్ను?” అంది పోలమ్మ బిత్తరపోయి.

రత్నం ఫోను చూపించింది. పోలమ్మకి చదువు రాదు, సన్యాసమ్మకీ రాదు. హిమజ అందుకుని, తమ కబురు సరిగ్గా అందిందన్న ఉత్సాహంతో గట్టిగా చదవడం మొదలుపెట్టింది. నాలుగో మాట దగ్గర ఆమె గొంతు పడిపోయింది. ఎర్రబడ్డ మొహంతో రత్నం కాళ్ళ వంక చూసింది. ఒక కాలికి చెప్పు లేదు, వేలు చిట్లి నెత్తురు కారుతోంది.

“అది అనువాదం అండి,” అంది. “నేను రాసింది కాదు. అక్కా, సారీ అక్కా.” ఆ పిల్లకి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. సన్యాసమ్మ కసిరి, మంచినీళ్ళిచ్చి, “పేరేమో మోక్షిత్తు, పైన ఈ కబురొకటి. బాగుంది వరస,” అని నవ్వించబోయింది.

అందరూ ఆ ఫోను మీద వంగి ఉండగా, ఫోనులో పోయినవాడు తల్లి చంకలోంచి జారి గేటు దగ్గరికి నడిచాడు. వాళ్ళు తలెత్తి చూసేసరికి చీర ముడి సగం విప్పేశాడు.

కమిటీ అత్యవసరంగా కూర్చుంది. తల్లుల తరఫున రత్నాన్ని పిలిచారు. విహారి చాలా బాధపడ్డాడు. బాధపడుతూనే సంగతి విడమర్చాడు.

“ఇది టెక్నాలజీ ప్రాబ్లమ్ కాదు సార్. భాషలోనే ఉంది ప్రాబ్లమ్. మాట మారిస్తే చాలు. వెళ్ళిపోయాడు అని పెడదాం.”

“మా మావగారు ఎల్లిపోయి మూడేళ్ళయిందండి,” అంది రత్నం.

“ఓకే. దాటాడు?”

“దాటిపోయాడంటే ఇంకేటుంది బాబూ,” అంది టీ గ్లాసులు అందిస్తున్న సన్యాసమ్మ.

“సాగాడు?”

“సాగనంపేది ఎవర్నయ్యా?” అన్నారు జగ్గారావు గారే ఉలిక్కిపడి.

“బయల్దేరాడు! ఇందులో ఏ దోషమూ లేదు,” అంది రత్నం, తనకే కాస్త హుషారొచ్చి.

విహారి తల అడ్డంగా ఊపాడు. “బయల్దేరినవాడు ఇల్లు చేరాడో లేదో డబ్బాకి తెలీదమ్మా. ఇన్‌కంప్లీట్ స్టేటస్ అవుతుంది. ఇల్లు చేరడానికి కిలకిల వాళ్ళది వేరే మాడ్యూల్ ఉంది. దానికి ప్రతి ఇంట్లోనూ ఒక డబ్బా ఉండాలి.”

జగ్గారావు గారు కుర్చీలో వెనక్కి వాలారు. “ఇంత ప్రాచీనమైన భాషలో,” అన్నారు ఆవేదనగా, “ఒక పసివాడు క్షేమంగా గడప దాటడానికి ఒక్క క్రియాపదం దొరకలేదా?”

దొరకలేదు. కబుర్లు పంపడం మానెయ్యాలనీ, హిమజ పలక మీద నొక్కడం మానెయ్యాలనీ, తల్లులు ఎల్లొస్తామనే చెప్పుకోవచ్చనీ, డబ్బా దానికి తోచినట్టు లెక్క వేసుకోవచ్చనీ తీర్మానించారు. ప్రజల సంస్కృతిని గౌరవించడం అని దానికి పేరు పెట్టారు.

డబ్బాకి తోచింది ఒక్కటే. సాయంత్రం వెళ్ళొస్తానన్న పిల్లాడు లోపలే ఉన్నాడు. పొద్దున్న వచ్చానన్న పిల్లాడు కొత్తగా వచ్చాడు. అలా రోజుకొకడు చొప్పున చేరాడు. రత్నం కన్నది ఒక్కణ్ణే అయినా డబ్బా లోపల ఆమెకి నిండు సంసారం తయారైంది. పట్నం పెద్దలు తమ ఆఫీసులో తెర మీద ఆ లెక్క చూసి మురిసిపోయారు. నెల తిరక్కుండానే పిల్లలు ఇన్ని రెట్లు పెరిగిన కేంద్రం ఇంకెక్కడా లేదు. పైగా రాత్రిళ్ళు కూడా సేవ! ఇల్లు గుర్తుకురానంతగా చూసుకుంటున్నారన్నమాట. జగ్గారావు గారికి పట్నంలో శాలువా కప్పారు. ఆయన నిజం చెబుదామనే లేచారట. చప్పట్లు ఆగలేదట.

సన్యాసమ్మ మాత్రం చీర ముడి వేస్తూనే ఉంది. ముడికి ముడి వేసి, దాని మీద ఇంకో ముడి వేస్తోంది. మోక్షిత్ కూడా నేర్చుకుంటూనే ఉన్నాడు.

నెలాఖరు సమావేశానికి రత్నం తనంతట తనే వెళ్ళింది. కంపెనీ నుంచి నడిచి వస్తూ దారంతా ఒకటే మాట నోట్లో తిప్పుకుంటూ వచ్చింది. చెప్పాల్సిన మాటని ఈసారి వాళ్ళకి అర్థమయ్యే భాషలో చెప్పాలి.

“సార్, డబ్బా లెక్క ప్రకారం ఇప్పుడు లోపల చాలామంది పిల్లలున్నారు కదండి.”

“ఉన్నారమ్మా,” అన్నారు జగ్గారావు గారు శాలువా సర్దుకుంటూ.

“రాత్రిళ్ళు కూడానా?”

“డేటా ప్రకారం, అవును,” అన్నాడు విహారి.

“మరి రాత్రి ఆ పిల్లల్లో ఒకడు గేటు తోసుకుని రోడ్డు మీదకెళ్తే ఎలాగండి? ఇటేపు లారీలు తెల్లార్లూ తిరుగుతాయి. పొద్దున్న లెక్కలో ఒకడు తగ్గితే, పట్నం వాళ్ళు ఏడీ అనడిగితే, ఎవురు సమాధానం సెప్తారు?”

జగ్గారావు గారి నుదుట చెమట పట్టింది. రక్తమాంసాలున్న పిల్లాడు మైలురాయి మీద దొరికినప్పుడు పట్టని చెమట అది.

“ఒక్క పిల్లాడు పోయినా...” అన్నారాయన.

“పోయినా అనకండి సార్. డబ్బా ఇంటాది.”

“ఒక్క పిల్లాడు తగ్గినా,” అని దిద్దుకున్నారు, “సంఘం పరువేం కాను? విహారి గారూ, దీనికి మన దగ్గర పరిష్కారం ఉందా?”

విహారి లేచాడు. గోడ మీద ఒక గేటు బొమ్మ వేశాడు, పక్కన ఒక బాణం. “భౌతిక భద్రతా వలయం,” అన్నాడు. “లేటెస్ట్ థింకింగ్ ఏంటంటే సార్, డిజిటల్ పిల్లలకి కూడా ఒక ఫిజికల్ లేయర్ ఉండాలి. అడ్డంగా ఒక ఇనప కడ్డీ, అది జరగడానికి ఒక రింగు. లోపలి నుంచి పెద్దవాళ్ళకి అందేలా, పిల్లలకి అందకుండా.”

“అద్భుతం,” అన్నారు జగ్గారావు గారు. “దీన్నేమంటారు?”

“ఇంకా పేరు పెట్టలేదు సార్.”

రత్నం తల వంచుకుని పెదవి కొరుక్కుంది. సన్యాసమ్మ టీ గ్లాసులు పట్టుకుని బయటికి పరిగెత్తి, గిడ్డంగి వెనక నిలబడి నోట్లో చెంగు కుక్కుకుని నవ్వింది.

మర్నాడే వెల్డరు వచ్చాడు. నిప్పురవ్వలు రాలాయి. గేటుకి నల్లటి కొత్త గడియ పడింది. రత్నం దాన్ని వేసి చూసింది, తీసి చూసింది, మళ్ళీ వేసి చూసింది. మోక్షిత్ కింద కూర్చుని అడుగున వేళ్ళు పెట్టి చూశాడు, నిలబడి మునికాళ్ళ మీద లేచాడు, అందలేదు. తల్లి వంక కోపంగా చూశాడు. ఆ చూపుకి ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు కంపెనీలో ఆమె కుట్టిన కాలర్లకి ఒక్క వంకరా రాలేదు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ కన్సల్టెంటు ఇచ్చిన పరిష్కారానికి ఎప్పుడూ రెండో పేజీ ఉంటుంది. గడియ లోపలి నుంచి వెయ్యాలి కదా. వెయ్యాలంటే లోపల పెద్దవాళ్ళు ఉండాలి. అంతమంది పిల్లల్ని ఒంటరిగా వదిలేసి తాళం పెట్టి పోవడం నిబంధనలకి విరుద్ధం. అందుకని అందరూ వెళ్ళాక సన్యాసమ్మ లోపల గడియ వేసుకుని కాపలా కూర్చోవాలి. ఎంతసేపూ అంటే, డబ్బా నిద్రపోయే దాకా. చుట్టూ గంటసేపు చప్పుడు లేకపోతే డబ్బా దానంతట అదే నిద్రపోతుంది. దాని పచ్చ దీపం ఆరితే పిల్లలు పడుకున్నట్టు లెక్క, ఆవిడ ఇంటికెళ్ళొచ్చు.

గంటసేపు చప్పుడు చెయ్యకుండా ఉండడం సన్యాసమ్మ జన్మలో చెయ్యని పని.

“పిల్లల్లేరని నాకు తెల్దేటే?” అంది సన్యాసమ్మ, రత్నం అడిగితే. “తెలుసు. గాని ఊరికే కూకుంటే బెల్లం వాసనొస్తాది, మా ఆయన ఇక్కడే మూటలు మోసేవోడు, గుర్తొస్తాడు. ఏదో ఒక పాట లాగ వస్తాది నోటికి. పాట రాగానే ఈ గోడదెయ్యం లేచి స్వాగతం అంటాది. ఇద్దరం అలా కబుర్లాడుకుంటన్నాం.”

“నా వల్లే అప్పా ఇదంతా.”

“నీ వల్లే గాని, పోనీలే,” అని, వెంటనే నాలిక కరుచుకుని డబ్బా వంక చూసింది. “ఉండనీలే, అన్నాను. నీ గుంటడు రోడ్డెక్కకుండా ఉన్నాడు, అది సాలు. బేగి ఎల్లు, పాలు ఇరిగిపోతాయి.”

రత్నం ఎల్లింది. గడియ తనకొచ్చింది, కాపలా ఆవిడకొచ్చింది. ఓవర్‌టైము లేని రోజున కొడుకుని చంకనేసుకుని, గిన్నెలో ఇంత కూర పెట్టుకుని వెనక్కి వస్తుంది. ఓవర్‌టైము ఉన్న రోజే చిక్కు. అది ఈ నెలలో చాలా ఉంది.

అందుకని, సాయంత్రం పూట మీరెవరైనా ఆ లారీల రోడ్డు మీదుగా వెళితే, పాత బెల్లం గిడ్డంగి దగ్గర ఒకసారి ఆగండి. గేటు తట్టి, “సన్యాసమ్మప్పా, తిన్నావా?” అనడగండి. లోపలికి పిలిస్తే కాసేపు కూర్చోండి. మోకాళ్ళెలా ఉన్నాయని అడిగితే చాలా సేపు చెబుతుంది, వినండి. లేచేటప్పుడు మాత్రం డబ్బా వినేలా వెళ్ళొస్తానని అనకండి. మీరు కూడా లోపలే ఉన్నట్టు లెక్క పడుతుంది, ఆ కాపలా కూడా ఆవిడకే. పోతానని అసలే అనకండి. ఊరికే చెయ్యి పట్టుకుని వదిలి, బయటికి వచ్చి, ఆవిడ లోపల గడియ వేసుకునే దాకా అక్కడే నిలబడండి. కొత్తది, కాస్త బిర్రుగా ఉంది. పడిన చప్పుడు విన్నాకే కదలండి.